వైన్ ద్రాక్ష ఎప్పుడు కోయాలి? తోటలోనే పరీక్ష చేసి తేల్చుకునే పద్ధతి

"బ్రిక్స్ ఎంత వస్తే కోయాలి?" జనవరి వచ్చిందంటే అందరూ ఇదే అడుగుతారు. బ్రిక్స్ అంటే రసంలో తీపి ఎంతుందో చెప్పే అంకె. నాసిక్ వైపు తోటల్లో సూపర్‌వైజర్లుగా పనిచేసే మనవాళ్లు, నంది కొండల చుట్టుపక్కల వైనరీలకు పంట ఇస్తామని ఒప్పుకున్న రైతులు, కొత్తగా వైనరీలో చేరి ల్యాబ్ పని నేర్చుకుంటున్న పిల్లలు, ఎవరైనా సరే ఒక్క అంకె చెప్పమంటారు. అంకె చెప్పడం కష్టం కాదు, కిందే ఇచ్చాను. అసలు తకరారు ఆ అంకె ఏ పండ్ల నుంచి వచ్చిందన్న దగ్గరే. తోటలో దారి పక్కన, ఎండ తగిలే గుత్తి నుంచి నాలుగు పండ్లు తెంపి రిఫ్రాక్టోమీటర్ (బ్రిక్స్ కొలిచే చిన్న పరికరం) మీద పిండితే 23 చూపిస్తుంది. అదే తోట పంటంతా కోసి లారీలో పంపితే వైనరీ గేటు దగ్గర 20.5 వస్తుంది. మీటర్లు రెండూ సరైనవే, తప్పు జరిగింది పండ్లు ఏరడంలో. అందుకే ఈ వ్యాసంలో సగం శాంపిల్ గురించే ఉంటుంది.

ఇంకో మాట. హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహి, థాంప్సన్ సీడ్‌లెస్ పండించిన చేతులకు ఒక అలవాటు ఉంటుంది: రంగు, సైజు చూడటం, ఒక పండు నోట్లో వేసుకోవడం, తియ్యగా ఉంటే కోసేయడం. తినే ద్రాక్షకు అది సరిపోతుంది. వైన్ రకాలకు తీపితో పాటు పులుపు, పీహెచ్ (ఆమ్ల బలాన్ని చూపే అంకె, ఎంత తక్కువైతే అంత బలం), గింజ, తొక్క కూడా చూడాలి. తీపి ఇంకాస్త రావాలని ఆగితే మన ఎండలకు పులుపు చేజారిపోతుంది.

ఇది వైనరీలకు పంట అమ్మేవాళ్లకు, వైనరీల్లో పనిచేసేవాళ్లకు రాసింది. లైసెన్స్ లేకుండా వైన్ తయారుచేస్తే ఎక్సైజ్ కేసు అవుతుంది, ఆ ప్రయోగాలు వద్దు.

కావలసినవి

- 0–32 బ్రిక్స్ చూపించే రిఫ్రాక్టోమీటర్, ఉష్ణోగ్రతను తానే సర్దుకునే రకం
- పీహెచ్ మీటర్, దాన్ని సరిచేయడానికి 4.0, 7.0 బఫర్ ద్రావణాలు (పీహెచ్ ముందే తెలిసినవి)
- పులుపు కొలవడానికి 0.1 నార్మల్ (గాఢత కొలత) సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం. ల్యాబ్ సామాన్ల షాపులో తయారుగా దొరుకుతుంది, అదే కొనండి
- ఫినాఫ్తలీన్ చుక్కల సీసా (పులుపు పరీక్షలో రంగు మారి ఎక్కడ ఆపాలో చెప్పేది)
- 25 లేదా 50 మి.లీ. బ్యూరెట్ (కింద కుళాయి ఉన్న గీతల గాజు గొట్టం), దానికి స్టాండు, 10 మి.లీ. పిపెట్ (రసం కొలిచి తీసే గాజు గొట్టం), పిపెట్‌కు రబ్బరు బల్బు, చిన్న బీకర్లు
- డిస్టిల్డ్ వాటర్
- గ్రాము వరకు తూచే చిన్న కాటా
- జిప్ ఉన్న పాలిథీన్ సంచులు, చెరగని మార్కర్, ఐస్‌బాక్స్, పల్చటి గుడ్డ
- చిన్న కత్తెర, చేతి తొడుగులు, కళ్లద్దాలు
- ఒక నోటుబుక్. ఫోన్‌లో రాసుకుంటాం అంటారు, తర్వాత వెతికితే దొరకదు

డబ్బు తక్కువగా ఉంటే ముందు రిఫ్రాక్టోమీటర్, కాటా కొనండి. పులుపు, పీహెచ్ పరీక్షలకు శాంపిల్‌ను వైనరీ ల్యాబ్‌కు పంపవచ్చు. ఒప్పందం ఉన్న తోటలకు చాలా వైనరీలు ఈ పని చేసిపెడతాయి. కాటా ఎందుకో 7వ మెట్టులో తెలుస్తుంది.

1. తోటను బ్లాకులుగా విడదీయండి

ఒక రకం, ఒక కత్తిరింపు తేదీ, ఒకే తరహా నేల ఉన్నది ఒక బ్లాకు. మన దగ్గర కత్తిరింపు తేదీని చాలామంది మర్చిపోతారు. ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబర్–అక్టోబర్‌లో పంట కోసం ఇంకోసారి కత్తిరిస్తాం కదా, ఆ రెండో కత్తిరింపు కూలీలు దొరక్క పది రోజులు సాగిందనుకోండి, మొదట కత్తిరించిన వరుసలు, చివర కత్తిరించిన వరుసలు ఒకేసారి పండవు. వాటిని రెండు బ్లాకులుగా రాసుకుని రెండు సంచులు వేరుగా తీయాలి. కలిపి తీస్తే సగటు బాగానే కనిపిస్తుంది. కోశాక సగం పచ్చి, సగం మిగులపండు.

వంపు ఉన్న పొలమైతే పైభాగం, పల్లం వేరు. పల్లంలో తీగ బలంగా పెరిగి ఆలస్యంగా పండుతుంది.

2. ఎప్పుడు మొదలుపెట్టాలి

పోయినేడు కోసిన తేదీకి మూడు వారాల ముందు మొదలుపెట్టండి. కొత్త తోటైతే నల్ల రకాల్లో రంగు పూర్తిగా తిరిగాక, తెల్ల రకాల్లో పండు మెత్తబడి కొంచెం పారదర్శకంగా కనిపించినప్పుడు. మొదట వారానికి ఒకసారి చాలు. అనుకున్న అంకెకు రెండు బ్రిక్స్ దూరంలోకి వచ్చాక రెండు మూడు రోజులకోసారి చూడాలి.

ప్రతిసారీ ఒకే సమయానికి, పొద్దున ఎండ ఎక్కకముందే తీయండి. నీళ్లు పెట్టిన మర్నాడు, వాన పడ్డ మర్నాడు తీయకండి. పండు నీళ్లు తాగి ఉంటుంది కాబట్టి బ్రిక్స్ తక్కువ చూపిస్తుంది. రెండు మూడు రోజులు ఆగి తీస్తే నిజం తెలుస్తుంది. వాన తర్వాత కాయకుళ్లు కనిపిస్తుంటే మాత్రం ఆగే తీరిక ఉండదు, అప్పుడు లెక్కలు పక్కనపెట్టి వైనరీకి ఫోన్ చేయండి.

3. శాంపిల్ తీయడం

ఒక బ్లాకుకు 200 పండ్లు కావాలి. ఇద్దరు మనుషులు, ఇద్దరికీ చెరో సంచి, చెరో వంద పండ్లు. ఒకరు తీసింది ఇంకొకరు చూడకూడదు.

గట్టు పక్క వరుసలు వదిలేయండి. ప్రతి వరుసలో చివరి రెండు చెట్లు కూడా వదిలేయండి, వాటికి గాలి, ఎండ ఎక్కువ తగులుతాయి. మిగిలిన వరుసల్లో లెక్క పెట్టుకుంటూ నడవండి, ప్రతి పదో చెట్టు దగ్గర ఆగండి. వరుసకు రెండు పక్కల నుంచీ తీయాలి, పడమటి ఎండ తగిలే వైపు ఒకలా, తూర్పు వైపు ఒకలా పండుతుంది. పందిరి తోటైతే పందిరి కింద నీడలో ఉన్న గుత్తులు కూడా లెక్కలోకి రావాలి.

గుత్తిలో భుజం దగ్గరి పండు, కొన దగ్గరి పండు ఒకేలా ఉండవు. ఒక చెట్టులో భుజం నుంచి తీస్తే తర్వాతి చెట్టులో నడుమ నుంచి, ఆ తర్వాత కొన నుంచి, ఆపైన గుత్తి వెనక వైపు నుంచి తీయండి. తొడిమతో సహా కత్తెరతో కత్తిరించండి. గుంజితే చిల్లుపడి రసం సంచిలోనే కారిపోతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. చెయ్యి పండిన పండు వైపే పోతుంది. అనుభవం ఉన్నవాళ్ల చెయ్యి ఇంకా త్వరగా పోతుంది. కూరగాయల బండి దగ్గర టమాటాలు ఏరినట్టు ఏరకండి. గుత్తిని చూసి, ఎక్కడ తెంపాలో ముందే నిర్ణయించుకుని, తల పక్కకు తిప్పుకుని తెంపండి. నవ్వులాటలా అనిపిస్తుంది గానీ నేర్పించేటప్పుడు దీన్ని మించిన చిట్కా నాకు దొరకలేదు. పచ్చి పండు చేతికొస్తే పారేయకండి, అది కూడా కోతలో లారీ ఎక్కుతుంది. కుళ్లినవి, పిట్టలు పొడిచినవి మాత్రం వదిలేయండి. అవి చెట్టుకు ఎన్ని ఉన్నాయో నోటుబుక్‌లో రాయండి.

ఒకే గుత్తిలో నల్లవి, ఎర్రవి, పచ్చవి కలిసి ఉండే తోటల్లో పండ్లు ఏరడం కంటే గుత్తులే తీయడం మేలు. కళ్లు మూసుకుని ఎంచుకున్నట్టు ఇరవై గుత్తులు కోసి మొత్తం పిండండి. పంట కొంచెం పోతుంది, అంకె మాత్రం నమ్మదగ్గది వస్తుంది.

సంచి మీద బ్లాకు పేరు, తేదీ, సమయం రాసి వెంటనే ఐస్‌బాక్స్‌లో పెట్టండి. బండి డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి.

4. పిండటం

ముందు ఒక్కో సంచిని తూచి, వంద పండ్ల బరువు రాసుకోండి. ఇది మర్చిపోతే తర్వాత దిద్దుకునే దారి లేదు.

తర్వాత సంచిలోనే చేత్తో నలపండి. ఒక్క పండు కూడా గుండుగా మిగలకూడదు. పైపైన నొక్కితే నడిమి గుజ్జులోని తియ్యటి రసం మాత్రమే వస్తుంది. మిక్సీ మాత్రం వద్దు. తొక్క, గింజ నలిగితే వాటిలోని పొటాషియం, ఇతర పదార్థాలు రసంలోకి దిగి పీహెచ్, పులుపు రెండూ మారిపోతాయి. ప్రతిసారీ అంతే బలంగా, అంతే సేపు నలపడం అలవాటు చేసుకోండి. గుడ్డలో వడకట్టి, రసాన్ని గాజు గ్లాసులో పది నిమిషాలు ఉంచితే మడ్డి దిగుతుంది. పైన తేటను వాడండి.

5. బ్రిక్స్ చూడటం

డిస్టిల్డ్ వాటర్ రెండు చుక్కలు వేస్తే సున్నా చూపించాలి, లేకపోతే స్క్రూ తిప్పి సరిచేయండి. సున్నా సరిగ్గా ఉన్నంత మాత్రాన 22 దగ్గర కూడా సరిగ్గా ఉంటుందని నమ్మకం లేదు. ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు: 20 గ్రాముల పంచదార, 80 గ్రాముల డిస్టిల్డ్ వాటర్ తూచి పూర్తిగా కరిగించండి. అది సరిగ్గా 20 బ్రిక్స్ ద్రావణం. మీటర్ 19.8–20.2 మధ్య చూపిస్తే పర్వాలేదు. అంతకు మించి తేడా ఉంటే ఆ తేడాను ప్రతి రీడింగ్‌లో కూడుకోవాలి లేదా తీసేయాలి, లేదంటే మీటర్ మార్చాలి. నీళ్లను మి.లీ.లలో కొలిచినా ఇబ్బంది లేదు గానీ పంచదారను చెంచాలతో కొలవకండి.

రసం వేశాక అర నిమిషం ఆగి చదవండి. మూడు రీడింగులు తీసి సగటు రాయండి. చూసిన ప్రతిసారీ అద్దాన్ని నీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడవండి, ఎండిన చక్కెర తర్వాతి రీడింగ్‌ను పెంచేస్తుంది.

ఇప్పుడు ఇద్దరి సంచుల అంకెలు పక్కపక్కన పెట్టండి. తేడా ఒక బ్రిక్స్ లోపు ఉంటే సగటు తీసుకోండి. దాటితే ఎవరో ఒకరు ఏరుకుని తీశారన్నమాట, లేదా ఆ బ్లాకు నిజానికి రెండు బ్లాకులు. మళ్లీ తోటలోకి వెళ్లాల్సిందే.

6. పీహెచ్, పులుపు

పీహెచ్ మీటర్‌ను ఆ రోజే 7.0, తర్వాత 4.0 బఫర్లతో సరిచేయండి. పోయిన వారం చేశాం కదా అంటే కుదరదు. ద్రాక్ష రసం పీహెచ్ 3 నుంచి 4 మధ్య ఉంటుంది, ఆ మధ్యలో సరిచూసుకోవడానికి ఒక సులువు ఉంది. బేకింగ్ సామాన్ల షాపులో దొరికే క్రీమ్ ఆఫ్ టార్టార్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో అడుగున కొంత మిగిలేదాకా కలిపితే, 25 డిగ్రీల దగ్గర దాని పీహెచ్ 3.56. మీటర్ అంత చూపిస్తే నిశ్చింత. మీటర్ ఎలక్ట్రోడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి ఉంచకండి, పాడవుతుంది. దాంతో వచ్చిన ద్రావణంలోనే ఉంచాలి.

పులుపు కొలవడం ఇలా:

బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్ నింపండి. ఇది చర్మాన్ని, కళ్లను కాల్చే క్షారం, తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోండి. పిపెట్‌ను నోటితో పీల్చకండి, బల్బు వాడండి. బీకర్‌లో 10 మి.లీ. రసం, 50 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, మూడు నాలుగు చుక్కల ఫినాఫ్తలీన్ వేయండి. బ్యూరెట్ నుంచి కొంచెం కొంచెంగా వదులుతూ బీకర్‌ను తిప్పుతూ ఉండండి. లేత గులాబీ రంగు వచ్చి అర నిమిషం నిలిచిందంటే ఆపేయండి. ముదురు గులాబీ అయిందంటే దాటిపోయారు, మళ్లీ మొదటి నుంచి.

నల్ల ద్రాక్ష రసంలో గులాబీ రంగు తెలియదు. రసం రంగు కూడా మధ్యలో నీలం, ఆకుపచ్చల్లోకి మారి కన్ను మోసపోతుంది. అక్కడ ఫినాఫ్తలీన్ పక్కనపెట్టి, పీహెచ్ మీటర్‌ను బీకర్‌లో ఉంచి 8.2 వచ్చేదాకా వదలండి. అసలు తెల్ల రకాలకు కూడా ఈ పద్ధతే మంచిది.

లెక్క: 10 మి.లీ. రసానికి 0.1 నార్మల్ ద్రావణం వాడితే, ఖర్చయిన మి.లీ.ను 0.75తో గుణించండి. వచ్చేది లీటరుకు ఎన్ని గ్రాముల పులుపు అన్నది, టార్టారిక్ ఆమ్లం లెక్కన. 9.2 మి.లీ. ఖర్చయితే 6.9 గ్రాములు. రసం 5 మి.లీ. మాత్రమే ఉంటే 1.5తో గుణించాలి.

సోడియం హైడ్రాక్సైడ్ సీసా మూత సరిగ్గా లేకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని బలం తగ్గుతుంది. అప్పుడు ఎక్కువ ద్రావణం ఖర్చయి, పులుపు లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. పోయిన సీజన్ సీసాతో ఈ సీజన్ పరీక్షలు చేయకండి.

7. బరువుతో కలిపి చదవండి

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. బ్రిక్స్ అంటే వంద గ్రాముల రసంలో ఎన్ని గ్రాముల చక్కెర అన్న లెక్క, దాదాపుగా. చక్కెర పెరిగినా బ్రిక్స్ పెరుగుతుంది, నీళ్లు తగ్గినా పెరుగుతుంది. ఫిబ్రవరి చివరి ఎండల్లో రెండోదే ఎక్కువ.

ఉదాహరణకు, ఒక బ్లాకులో వంద పండ్లు 130 గ్రాములు, బ్రిక్స్ 21.0. గుణించి వందతో భాగిస్తే 27.3 గ్రాముల చక్కెర. నాలుగు రోజుల తర్వాత అదే బ్లాకులో వంద పండ్లు 120 గ్రాములు, బ్రిక్స్ 22.8. లెక్క వేస్తే 27.4. అంటే చెట్టు కొత్తగా చక్కెర ఏమీ పంపలేదు, పండు ఎండుతోంది అంతే. ఆగినకొద్దీ మీకు తూకంలో నష్టం, వైనరీకి పులుపులో నష్టం. ఇలా రెండుసార్లు వరసగా వస్తే ఆ బ్లాకు పక్వం అయిపోయినట్టే, మిగతావి చూసి కోతకు పిలవండి. బరువు నిలకడగా ఉండి బ్రిక్స్ పెరుగుతుంటే మాత్రం ఆగడంలో లాభం ఉంది.

8. నోటితో చూడటం

పండును నోట్లో వేసుకుని మూడు భాగాలుగా విడిగా చూడండి. గుజ్జు గింజ నుంచి సులువుగా విడిపోవాలి. తొక్కను విడిగా నమిలితే పచ్చిగడ్డి వాసన ఉండకూడదు. గింజ పూర్తిగా గోధుమ రంగుకు తిరిగి, కొరికితే కరకరలాడాలి. గింజ పచ్చగా ఉంటే నల్ల రకాల్లో వైన్ వగరుగా, చేదుగా వస్తుంది. తెల్ల రకాల్లో, తొక్కను రసంలో నానబెట్టరు కాబట్టి, గింజ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. అక్కడ పులుపు, వాసన ముఖ్యం.

బెంగళూరు బ్లూ పెంచేవాళ్లకు ఒక మాట. దాని తొక్క గుజ్జు నుంచి జారిపోయే రకం, రంగు చాలా ముందే వచ్చేస్తుంది. రంగు చూసి కోయకండి.

9. అంకెలు చూసి నిర్ణయం

- మెరిసే (బుడగలొచ్చే) వైన్‌కు: 18–20 బ్రిక్స్, పీహెచ్ 3.2 లోపు
- తెల్ల వైన్‌కు, అంటే షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్ లాంటివి: 20–22 బ్రిక్స్, పీహెచ్ 3.1–3.4, పులుపు లీటరుకు 7–9 గ్రాములు
- ఎర్ర వైన్‌కు, షిరాజ్, కాబర్నే సావిన్యాన్ లాంటివి: 22–24.5 బ్రిక్స్, పీహెచ్ 3.4–3.6, పులుపు 6–8 గ్రాములు. మన వేడికి 6 కంటే తగ్గడం కూడా మామూలే

ఇవి పుస్తకాల్లో ఉండే మామూలు హద్దులు. మీ ఒప్పంద పత్రంలో ఏముందో అదే మీకు చట్టం. బ్రిక్స్‌ను 0.55తో గుణిస్తే ఆ వైన్‌లో ఆల్కహాల్ శాతం ఎంత రావచ్చో సుమారుగా తెలుస్తుంది; 22 అయితే 12 చుట్టూ.

మూడూ ఒకేసారి సరిపోయే రోజు అరుదు. తెల్ల రకంలో బ్రిక్స్ 19.5, పీహెచ్ 3.4 దాటుతోందంటే నేనైతే తీపి కోసం ఆగను. పీహెచ్ పెరిగిన రసంలో సూక్ష్మజీవులు చెలరేగుతాయి, వైన్‌ను కాపాడటానికి సల్ఫర్ డయాక్సైడ్ ఎక్కువ వాడాల్సి వస్తుంది. ఎర్ర రకంలో బ్రిక్స్ 23 వచ్చి గింజ ఇంకా పచ్చగా ఉంటే మూడు నాలుగు రోజులు ఆగి చూడొచ్చు, బరువు పడిపోకుండా ఉన్నంతవరకు.

పులుపు బాగానే ఉండి పీహెచ్ మాత్రం 3.8 చూపిస్తోందా? ముందు మీటర్‌ను మళ్లీ సరిచూడండి. మీటర్ సరైనదే అయితే చాలాసార్లు కారణం పొటాషియం: పొటాష్ ఎరువు మోతాదు మించడం, లేదా ఆకు దట్టంగా పెరిగి గుత్తులు నీడలో ఉండటం. ఈ సీజన్‌లో తోటలో చేయగలిగింది ఏమీ లేదు. వైనరీలో టార్టారిక్ ఆమ్లం కలిపి సర్దుకుంటారు, ముందే చెప్తే మంచిది. వచ్చే కత్తిరింపుకు ముందు ఆకు తొడిమల పరీక్ష చేయించి ఎరువు లెక్క సరిచేయండి. పుణె దగ్గర మంజరిలోని జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం ఈ విషయాల మీద సలహాలు ఇస్తుంది. తెలంగాణ రైతులకు రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది.

10. కోతకు ముందు రోజు

మందుల రిజిస్టర్ తెరవండి. ఆఖరుగా కొట్టిన ప్రతి మందుకూ డబ్బా మీద రాసిన ఆగాల్సిన రోజులు గడిచాయో లేదో చూడండి. బూడిద తెగులుకు కొట్టిన గంధకం పండు మీద మిగిలితే పులియబెట్టేటప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అందుకే దాని విషయంలో వైనరీ అడిగిన గడువు డబ్బా మీదున్న దానికంటే ఎక్కువ ఉండొచ్చు.

రాత్రి చివరి జాములోనో, తెల్లవారుజామునో కోయండి, ఎండ ఎక్కేలోపు లారీ కదలాలి. లోతు తక్కువ ప్లాస్టిక్ క్రేట్లు వాడండి, గోనెసంచులు వద్దు. క్రేటు నిండా నింపి మీద ఇంకో క్రేటు పెడితే కింద రసం కారి, దారిలోనే పులియడం మొదలవుతుంది.

11. గేటు దగ్గర

వైనరీ వాళ్లు తమ శాంపిల్ తాము తీస్తారు. వాళ్ల ముందే మీరు కూడా లారీలో పై క్రేట్లు, నడిమివి, అడుగువి కలిపి ఒక సంచి తీసి, అక్కడే పిండి మీ మీటర్‌తో చూసుకోండి. తోటలో వచ్చిన అంకె కంటే అర బ్రిక్స్ తక్కువ వస్తే కంగారు పడకండి, ఎంత జాగ్రత్తపడినా చెయ్యి కొంచెం తీపివైపు ఒరుగుతుంది. ఒకటిన్నర, రెండు తేడా ఉంటే ఇద్దరి మీటర్లలోనూ ఆ పంచదార నీళ్లు వేసి చూద్దామని మర్యాదగా అడగండి. రెండూ 20 చూపిస్తే వచ్చే వారం 3వ మెట్టు దగ్గర ఇంకొకరికి సంచి ఇచ్చి పంపండి. తోట అంకె, గేటు అంకె రెండూ నోటుబుక్‌లో ఒకే గీత మీద పక్కపక్కన రాయండి. వచ్చే సీజన్‌లో మీ చెయ్యి ఎంత ఒరుగుతుందో ఆ తేడాను బట్టే తీసేసుకోవచ్చు.